ఊతపదం

సాక్షిగా సంతకం పెట్టమని నా ముందు ఒక కాగితం పెట్టారు. ఇంగ్లీషులో ఉంది. "పనిముట్టు కార్మికుడి చేతిలోంచి జారింది. కారణం: కార్మికుడి అజాగ్రత్త." అంతే. కింద ఒక గీత, గీత కింద నా పేరు ముందుగానే టైపు కొట్టి ఉంది. షెడ్డులో పనివాళ్లలో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కణ్నే కాబట్టి నా సంతకమే కావాలన్నారు.

ఆ కార్మికుడు నా జతగాడు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఇద్దరం కలిసి ఫిట్టర్ పని చేస్తున్నాం. చుట్టరికం ఏమీ లేదు గాని బావా అంటే బావా అనుకుంటాం. ఇన్నేళ్లలో అతని చేతిలోంచి ఇనుము జారడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ కాగితం వచ్చేసరికి, పాదం ఎముక విరిగిన అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి గంటైంది. ఎముక అతుక్కుంటుంది. పేరు అలా కాదు. అజాగ్రత్త మనిషని ఒకసారి కాగితం మీద పడితే, ఆ ఫిట్టర్‌కి ఏ ఫ్యాక్టరీ వాడూ గేటు పాసు రాయడు. అతనికి వచ్చింది ఆ ఒక్క పనే.

కాగితం తెచ్చిన మేనేజర్ నాకు పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. ఆ మూత తీసి ఇవ్వడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ షెడ్డులో పూర్వం లారీల గేర్‌బాక్సులు విప్పేవారు. నేల మీద జారే నూనె, గోడల మీద మసి. ఓ కంపెనీ వచ్చి అదంతా కడిగించింది. నేలకి బూడిద రంగు వేసి, ఏసీ పెట్టి, లోపల ఇనప చట్రం కట్టి, ఆ చట్రానికి బెల్టులతో ఒక మరమనిషిని వేలాడదీసింది. రెండు కాళ్లు, రెండు చేతులు, చేతికి ఐదు వేళ్లు. ముఖం ఉండాల్సిన చోట నల్లటి అద్దం. దానికి పనిముట్లు పట్టడం నేర్పాలి, మనుషుల పక్కన నిలబడి పని చేయడం నేర్పాలి. అందుకు చేతిపని తెలిసినవాళ్లు కావాలని ఆటోనగర్ అంతా తిరిగి మమ్మల్ని పట్టుకున్నారు. మొదటిరోజు మాకు పూలగుత్తులిచ్చి "నిపుణులు" అన్నారు.

బావ దాన్ని చూసీ చూడగానే పేరు పెట్టేశాడు.

"పెళ్లికొడుకు బావా! సూడు, నలుగురు పట్టుకుంటే గాని అడుగెయ్యడు. ఒకడు తుడుస్తన్నాడు, ఒకడు బొత్తాలు ఎడతన్నాడు. భోజనాలెప్పుడో కనుక్కో."

ఆ పేరు నిలిచిపోయింది. పొద్దున్నే షెడ్డులోకి రాగానే "పెళ్లికొడుకు లేచాడా?" అని అడిగేవాళ్లం. మాకు పని అప్పజెప్పే ఇంజనీరమ్మాయి కూడా నెల తిరక్కుండా ఆ మాటే వాడడం మొదలుపెట్టింది.

మా పని ఏమిటంటే, వైర్లు కుట్టిన చేతితొడుగులు వేసుకుని, నుదుటి మీద కెమెరా కట్టుకుని, మేం రోజూ చేసే పనే చేయడం. ఫ్లాంజికి బోల్టు బిగించు, విప్పు, మళ్లీ బిగించు. ఆకురాయితో అంచు రుద్దు. ఉలి పట్టు, సుత్తి కొట్టు. మేం చేసింది ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ పేరు రాసి పెళ్లికొడుక్కి పెట్టేవారు. వాడు తిని నేర్చుకునేవాడు.

మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. అబద్ధం ఎందుకు? ఒకరోజు బావ నట్టు ఎక్కిస్తుంటే ఇంజనీరమ్మాయి అడ్డొచ్చింది.

"అంకుల్, రివర్స్‌లో తిప్పారు. ఆ ముక్క తీసేయనా?"

"ఎందుకమ్మా తీయడం? ముందు ఎనక్కే తిప్పాల. ఎనక్కి తిప్పితే నట్టు మర బోల్టు మరకి దొరికిన కాడ టక్కుమని కూకుంటాది. అప్పుడు ముందుకెల్లాల. అది నేకుండా ఎక్కించీసినావనుకో, మర ఒంకరెక్కి బోల్టు సచ్చిపోద్ది."

ఆమె కళ్లు పెద్దవి చేసుకుని వింది. తానూ తొడుగు వేసుకుని, కళ్లు మూసుకుని, ఆ టక్కు తన వేళ్లకి తగిలేదాకా తిప్పింది. తగిలినప్పుడు చిన్నగా అరిచింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. అడిగితే చెప్పడానికి మేమున్నాం, చెబితే వినడానికి ఆమె ఉంది. అలాగే సాగి ఉంటే బాగుండేది.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మాది సబ్బవరం దగ్గర పల్లె, వ్యవసాయం. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. పనికని వచ్చి గోపాలపట్నంలో గది తీసుకున్నప్పుడు, గది ఉక్క భరించలేక సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చునేవాణ్ని. ఫ్యాను కోసం వెళ్లి పేపర్లు చదివాను. పేపర్లలో తెలియని మాటల కోసం నిఘంటువు తీశాను. నిఘంటువు నుంచి వ్యాకరణం, వ్యాకరణం నుంచి యంత్రాల పుస్తకాలు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఇంగ్లీషు. నాకు డిగ్రీ లేదు గాని లైబ్రరీ కార్డు ఉంది. ముద్రలు వేయడానికి చోటు చాలక మూడుసార్లు కొత్త కార్డు ఇచ్చారు. ఆ మూడూ నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పెళ్లి ఫొటో ఎక్కడుందో చెప్పలేను గాని, అవి ఎక్కడున్నాయో చీకట్లో కూడా చెబుతాను.

షెడ్డులో ఈ చదువుని ఎవరూ లెక్క చేయలేదు. బావకి అది వేళాకోళం. స్పానర్ సైజు ఒకటి తప్పు చెబితే చాలు, "పుస్తకంలో అలగే ఉందేటి?" అనేవాడు.

అందుకే, ఇంజనీరమ్మాయి ఒకనాడు నా దగ్గరికి వచ్చి, "అంకుల్, మీరు చదువుకున్నవాళ్లు కదా, ఒక సాయం చేస్తారా?" అన్నప్పుడు నేను నేల మీద లేను. చదువుకున్నవాళ్లు! ఇన్నేళ్లకి ఒకరు ఆ మాట నా ముఖం మీద అన్నారు.

పని చేస్తూ మేం మాట్లాడుకునే మాటలన్నీ రికార్డయ్యాయట. కంప్యూటర్ వాటిని జాబితాగా రాసింది. మా యాస దానికి అర్థం కావడం లేదు. ఒక్కో మాటకి ఇంగ్లీషులో అర్థం రాయాలి, పక్క గడిలో అది పనికి అవసరమా కాదా రాయాలి. అవసరం లేదంటే ఆ శబ్దమూ, ఆ శబ్దం కోసం ఆగిన సమయమూ కోసేస్తారు. వీడియో శుభ్రమవుతుంది, పెళ్లికొడుకు తొందరగా నేర్చుకుంటాడు.

నన్ను అద్దాల గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మేనేజర్ స్వయంగా వచ్చి చూసి తలూపి వెళ్లాడు. నేను కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాను. "ఒగ్గు" అంటే వదులు, అవసరం. "బిగీ" అంటే బిగించు, అవసరం. బూతులు కొన్ని ఉన్నాయి, అవసరం లేదు. ఇక ప్రతి నాలుగు వరసలకీ ఒక "ఊఁ". ఎక్కువగా బావది, కొన్ని నావి. ఊఁ, ఊఁ, ఊఁ.

దానికి అర్థం ఏం రాయాలి? ఎప్పుడో చదివిన వ్యాకరణం పుస్తకంలో ఒక పేజీ గుర్తొచ్చింది. అర్థం లేకపోయినా మాటల మధ్య అలవాటుగా దొర్లేవి ఊతపదాలు. నాకు ఒళ్లు పులకరించింది. ఎంత కచ్చితమైన మాట దొరికింది! ఊతపదం. ఇంగ్లీషులో "ఫిల్లర్". అవసరమా? లేదు. కింద చివరిదాకా అదే రాసుకుంటూ పోయాను. అందంగా రాశాను కూడా.

టీ దగ్గర బావ అడిగాడు.

"ఏటి రాస్తన్నావ్ బావా, అద్దాల గదిలో కలెక్టర్లాగ?"

"నువ్వన్న ఊఁలన్నీ తీయించీస్తన్నాను. పనికిమాలిన శబ్దాలు."

అతను గ్లాసు దించాడు.

"తీసీకు బావా. అదుండాల."

"ఎందుకు? దానికి అర్థం నేదు."

"అర్థమేటో నాకు తెల్దు. అదంటేనే కదా నువ్వు ఒగ్గుతావు?"

"అది వ్యాకరణం బావా. నీకు తెల్దులే," అన్నాను.

నవ్వుతూనే అన్నాను. అతనూ నవ్వేశాడు. "సదువుకున్నోడివి, నువ్వే సెప్పాల మరి," అని టీ తాగేశాడు.

అతను చెప్పినదాని అర్థం ఇది. ఇద్దరు ఫిట్టర్లు కలిసి పని చేసేటప్పుడు, పైనున్నవాడు వెనక్కి చూడకుండా చెయ్యి చాపుతాడు. కింద ఉన్నవాడు పనిముట్టు ఆ చేతిలో పెడతాడు. పెట్టి వదలడు. పై వాడు వేళ్లు మూసి, బరువు తన భుజం మీదికి తీసుకుని, అప్పుడు ఊఁ అంటాడు. ఊఁ అన్నాకే కింది వాడు వదలాలి. మాకు పని నేర్పిన మేస్త్రి మొదటి రోజు నేర్పింది అదే. అవునంటే ఎందుకు కాదు, సరేనంటే ఎందుకు కాదు అంటే, ఫిట్టర్ రెండు చేతులకీ పని ఉన్నప్పుడు వాషర్లు పెదాల మధ్య పట్టుకుంటాడు. నోరు తెరిస్తే వాషర్లు రాలతాయి. నోరు మూసుకుని పలకగలిగిన మాట ఊఁ ఒక్కటే. షెడ్డు హోరులో అది చెవికి వినపడకపోయినా ఫరవాలేదు. ఇద్దరి చేతులూ ఒకే ఇనుము మీద ఉన్నప్పుడు అది చేతికి తెలుస్తుంది.

ముప్పై ఏళ్లు నేను ఆ మాట వింటూ వదిలాను, అంటూ అందుకున్నాను. అది ఒక మాటని నాకు ఎన్నడూ తట్టలేదు. పుస్తకంలో లేదు గదా.

తర్వాత పెళ్లికొడుకు బెల్టులు విప్పారు. సొంతంగా నడిచాడు. స్పానర్ అడిగితే స్పానర్, సుత్తి అడిగితే సుత్తి బల్ల మీద నుంచి తీసి ఇచ్చేవాడు. తేలికవి కాబట్టి, చేతికి తగలగానే వదిలేసినా ఎవరికీ ఏమీ కాలేదు. ఒకట్రెండుసార్లు స్పానర్ కింద పడితే బావ వంగి తీసుకుని, "పెళ్లికొడుక్కి తొందరెక్కువ," అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడే తెలియాల్సింది.

ఆ రోజు పెద్దవాళ్లెవరో చూడ్డానికి వస్తున్నారని పైపు లైను బిగించే పని పెట్టారు. మధ్యాహ్నం, భోజనాల ముందు. బావ రెండు మెట్ల స్టాండు మీద ఉన్నాడు. ఎడమ చేత్తో పైపుని ఎత్తి పట్టుకున్నాడు, పెదాల మధ్య రెండు వాషర్లు. కుడి చెయ్యి వెనక్కి చాపాడు. పెళ్లికొడుకు పెద్ద పైపు రెంచి తెచ్చాడు. అది నేను రెండు చేతులతో ఎత్తే రెంచి. దాని పిడి బావ వేళ్లకి తగిలింది. తగిలీ తగలగానే ఐదు వేళ్లూ తెరిచి వదిలేశాడు.

రెంచి బావ పాదం మీద పడింది. బూటుకి ముందు ఇనప తొడుగు ఉంటుంది, దానికి రెండు వేళ్లంత వెనక పడింది. అతను అరవలేదు. వాషర్లు కింద పడి దొర్లిన చప్పుడు ముందు విన్నాను. తర్వాత అతను స్టాండు మీద నుంచి కూలిపోయాడు.

పెళ్లికొడుకు వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వెళ్లాడు. వరసలో తర్వాతది రింగు స్పానర్. అది తీసుకుని వచ్చి, నేల మీద పడి ఉన్న మనిషి మీదుగా చెయ్యి చాపి నిలబడ్డాడు. అందుకో అన్నట్టు. వాణ్ని ఆపే ఎర్ర బొత్తం మీద నేను అరచేత్తో కాదు, పిడికిలితో కొట్టాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టనంటే, కంప్యూటర్‌లో వీడియో చూపించి మేనేజర్ నాకు నచ్చజెప్పబోయాడు.

"చూడండి, ఇక్కడ ఆయన వేళ్లు పిడికి తగిలాయి. కాంటాక్ట్ వచ్చింది. అంటే అందుకున్నట్టే కదా. అందుకున్నాక పట్టుకోవాల్సిన బాధ్యత ఆయనది."

"తగలడం వేరు, పట్టడం వేరు, బరువు తీసుకోవడం వేరు సార్."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు. వీడియో అబద్ధం చెప్పదుగా?"

"దీనికి శబ్దం లేదేం?"

"శబ్దం ఎందుకు? రోబో కళ్లతో చూసి నేర్చుకుంటుంది."

నా గొంతు పెరిగింది. మేం ఇద్దరం చేసిన పాత వీడియో పెట్టమన్నాను. అందులో నేను పనిముట్టు ఇచ్చి ఎంతసేపు ఆగుతానో చూడమన్నాను. ఇంజనీరమ్మాయి వెతికి పెట్టింది. తెర మీద నా చెయ్యి, బావ చెయ్యి. నా చెయ్యి రెంచి ఇస్తుంది, అతని చెయ్యి తగులుతుంది, మరుక్షణం నా చెయ్యి ఖాళీ. మధ్యలో ఏమీ లేదు. నేను అలా ఎన్నడూ ఇవ్వలేదు.

"ఈ మధ్యలో ముక్క ఏది? ఎవడు కోశాడు?" అని అరిచాను. "పని రాని వెధవలు కూచుని పని తెలిసినోళ్ల చేతులు కోసేస్తారా? ఆగడం దండగ అనుకున్నార్రా? ఎవడ్రా ఆ తెలివైనోడు?"

ఇంజనీరమ్మాయి ఇంకో ఫైలు తెరిచి తెర నా వైపు తిప్పింది. స్కాన్ చేసిన కాగితం. ఊఁ. ఫిల్లర్. అవసరం లేదు. ఊఁ. ఫిల్లర్. అవసరం లేదు. కింద చివరిదాకా నా గుండ్రటి అక్షరాలు.

"అంకుల్, ఇది మీరే రాశారు," అంది నెమ్మదిగా. దెప్పినట్టు కాదు. ఆమెకీ అప్పుడే తెలిసినట్టుంది.

ఊతపదం. పుస్తకం దగ్గర ఎంతసేపు కూర్చున్నాను, ఆ మాటలో ఊత ఏమిటని ఒక్కసారి అడిగానా? వాలిపోయే పందిరికి పెట్టేది ఊత. నడవలేనివాడు పట్టుకునేది ఊత. ఆ రెంచి ఇద్దరి మధ్య గాలిలో నిలబడింది దాని మీదే. దాన్ని లాగేసింది నేను. లాగేసి, అందంగా రాశాను.

మేనేజర్ ముఖం వెలిగింది. వెలగడం నా కళ్లతో చూశాను.

"అయితే సరే. 'కార్మికుడి అజాగ్రత్త' తీసేద్దాం. 'వివరణ రాసిన వ్యక్తి పొరపాటు' అని పెడదాం. మీకు ఓకేనా?"

ఇందాక బావ ఉన్న గడిలో ఇప్పుడు నన్ను పెట్టాడు. గడి మటుకు అదే. ఆ గడిలో ఎప్పుడూ చేతికి మసి అంటినవాడే ఉంటాడు. అప్పటిదాకా నాకు వచ్చింది కోపం కాదు, చిరాకు. కోపం అప్పుడు వచ్చింది. గొంతు పెరగలేదు.

"నా తప్పు రాస్తాను. అది నేనే రాస్తాను. మిగతాది కూడా రాస్తాను," అన్నాను.

"మిగతాది ఏంటి?"

"ఊఁ అనే మనిషిని అడక్కుండా, ఊఁ అంటే ఏటో నన్ను ఎందుకడిగారు? అతను తీయొద్దన్నాడు. అతని మాట రాయడానికి మీ కాగితంలో గడి ఉందా? ఆగిన సమయం దండగని కొయ్యమంది ఎవరు? నేనా? స్పానర్లు కింద పడినప్పుడు ఎవరు చూసి ఊరుకున్నారు? నేను, అతను, మీరు, అందరం. అది కూడా రాస్తాను."

"కారణం గడిలో ఒక్క లైనే పడుతుందండి."

"అంచులున్నాయి కదా."

కాగితం లాక్కుని రాశాను. తెలుగులో మొదలుపెట్టాను. "పై వాళ్లు తెలుగు చదవరు," అన్నాడు. చదివించుకుంటారన్నాను. చెయ్యి జారలేదు అని మొదటి మాట రాశాను. ఊఁ అనకముందే యంత్రం వదిలిందని రాశాను. ఊఁ తీయించింది నేనని, తీయొద్దన్నది అతనని, ఆ మాట వినకపోవడానికి నాకున్న చదువు కారణమని రాశాను. కోయమన్నవాళ్లని, చూసి ఊరుకున్నవాళ్లని కూడా రాశాను. నాలుగు అంచులూ నిండాక వెనక్కి తిప్పి, అదే ఇంగ్లీషులో నాకు వచ్చినంత రాశాను. గీత మీద సంతకం పెట్టలేదు. నేను రాసిన దాని కింద పెట్టాను. ఆ మేనేజర్ ఇచ్చిన పెన్నుతో కాదు. నా జేబులో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

మర్నాడు కంపెనీ ఇచ్చిన నా కార్డుకి షెడ్డు తలుపు తెరుచుకోలేదు. వారం తర్వాత ఇంజనీరమ్మాయి ఫోన్ చేసింది. పై వాళ్లు ఎవరో నిజంగానే ఆ కాగితాన్ని చదివించుకున్నారట. చివరి నివేదికలో "కార్మికుడి తప్పు లేదు, అందించే పద్ధతిలో లోపం" అని వచ్చిందట. నకలు పంపించింది. సంతోషించాను. ఆ తర్వాత ఆమె ఇంకో మాట చెప్పింది. ఇప్పుడు పెళ్లికొడుకు పనిముట్టు ఇచ్చి ఆగుతాడట. మనిషి "ఓకే" అంటేనే వదులుతాడట.

"అమ్మా, నోట్లో వాషర్లు పెట్టుకుని ఒకసారి ఓకే అను చూద్దాం," అన్నాను.

"నేను చెప్పాను అంకుల్. వినలేదు," అంది.

ఆ నకలు పట్టుకుని బావ ఇంటికి వెళ్లాను. పాదానికి కట్టుతో మంచం మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే అడిగాడు.

"ఏటి బావా, నా సెయ్యి జారినాదని రాసినారా, నేదా? అది సెప్పు ముందు."

"నేదు."

"సదువు."

ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. కార్మికుడి తప్పు లేదు అన్న చోట ఆపి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. లోపల్నుంచి వాళ్లావిడ కూడా వచ్చి నిలబడింది. "మరోపాలి సదువన్నయ్యా," అంది. మూడోసారి చదివాను. అతను తన కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"సరే. మరి ఊఁ ఎలగ పోనాది? ఎవుడు తీయించినాడు?"

చెప్పాను. అద్దాల గది, జాబితా, వ్యాకరణం, ఊతపదం, అన్నీ. నేను ఏం చెప్పినా వాక్యానికి ఒక ఊఁ కొట్టడం అతని అలవాటు. ముప్పై ఏళ్లుగా ఎండాకాలం కబుర్ల నుంచి నా కూతురి పెళ్లి సంగతులదాకా ఆ ఊఁల మీదే నడిచాయి. ఆ రోజు ఒక్కటి కూడా కొట్టలేదు. చెబుతుంటే మెట్లు లేని చోట దిగుతున్నట్టుంది. అయినా చివరిదాకా చెప్పాను.

"నాను తీయొద్దని సెప్పినాను," అన్నాడు అంతా అయ్యాక.

"సెప్పినావు."

"వ్యాకరణం అన్నావు."

"అన్నాను."

"ఆ పుస్తకం ఇంకా ఉందేటి నీ లైబ్రరీలో?"

"ఉంటాది."

"తీసుకెల్లి ఆ పేజీ మీద నా కాలు బొమ్మ గీయ్."

నవ్వడానికని అనలేదు. నేనూ నవ్వలేదు. ఆ గోపాలపట్నం గ్రంథాలయానికి నేను ఇప్పటికీ వెళుతున్నాను. ఆ పుస్తకం మీద నాకు కోపం లేదు. అందులో రాసింది మాట గురించి, ఇనుము గురించి కాదు. దాన్ని ఇనుము మీదికి తెచ్చింది నేను. తెచ్చినందుకు నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్ల మీద, కూర్చున్న నా మీద కోపం ఉంది. అది తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.

వాళ్లావిడ రెండు స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి నాకిచ్చి, రెండోది అతనికి అందించమంది. పొగలు కక్కుతోంది. అంచు పట్టుకుని మంచం మీదికి చాపాను. అతను చెయ్యి చాపి గ్లాసు పట్టుకున్నాడు. వేళ్లు మూశాడు. బరువు అతని చేతిలోకి వెళ్లడం నాకు తెలిసింది.

నేను వదల్లేదు.

"ఒగ్గు," అన్నాడు.

"నువ్వు ఊఁ అన్లేదు."

అతను నా ముఖంలోకి చూశాడు. పెదాలు బిగించాడు. గ్లాసు కాలుతోంది, ఇద్దరి వేళ్లూ దాని మీదే ఉన్నాయి.

"సిన్నపిల్లల్లాగ ఏటిది! సేతులు కాల్తాయి, ఒగ్గన్నయ్యా," అని వాళ్లావిడ కేకలేస్తోంది.

అతను ఊఁ అనలేదు. నేను వదల్లేదు.